చెయ్యి ఆనించకుండా

మస్కట్,
శుక్రవారం మధ్యాహ్నం

అక్క లచ్చవ్వకు,

నీ తమ్ముడు రాజన్న నీ కాళ్ళకూ, బావ కాళ్ళకూ మొక్కి రాసేది. ఇక్కడ నా పానం బాగానే ఉంది. అక్కడ నీ పానం ఎట్లా ఉంది? బావ మోకాలు నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? కోడలూ పిల్లలూ అందరూ మంచిగా ఉన్నారని తలుస్తాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోను చేస్తే మీ ఇంట్లో అందరికీ వినబడేటట్టు పెడతారు. అందరూ వింటుంటే నాకు మాట రాదు, నీకు తెలుసు కదా. మా రూములో ఉండే గంగన్న రెండు నెలల సెలవు మీద ఖానాపూర్ వస్తున్నాడు. అతని చేతికి ఇస్తున్నాను. నీ అయిదో తరగతి చదువు చాలు. నెమ్మదిగా కూడబలుక్కొని నువ్వే చదువుకో. బావకు తర్వాత నోటితో చెప్పు. ఇంకెవరితోనూ చదివించకు.

నేను వచ్చి అయిదు నెలలు దాటింది. నీ మరదలు పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లో ఒక్కణ్నే కూర్చోలేక వచ్చాను. పని మంచిదే. పెద్ద పెద్ద టేకు తలుపులు చేస్తాం. మన నిర్మల్ యూసుఫ్ వాటి మీద తీగలు చెక్కుతాడు. ఆ తీగల అంచుకు నేను బంగారు రంగు గీత వేస్తాను. గంగన్న పాలిష్ పెడతాడు. మా మీద మేస్త్రి శ్రీనివాసు, సుల్తానాబాద్ అతను. నలుగురం ఒకే రూములో ఉంటాం. యజమానిని ఇక్కడ అర్బాబు అంటారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఎందుకు అని అర్బాబు అడిగితే, వయసు చూడకండి, చెయ్యి చూడండి అని శ్రీనివాసు పూచీ పడ్డాడు. ఆ మాట బయలుదేరేటప్పుడు నీకు చెప్పాను. గర్వంగానే చెప్పాను.

ఎండ చాలా ఉంది. మన ఎండాకాలం దీని ముందు ఏమీ కాదు. గాలి వీచినా పొయ్యి దగ్గర నుంచి వచ్చినట్టు ఉంటుంది. వాన ఒక్కసారీ చూడలేదు. తిండికి లోటు లేదు. పొద్దున ఖుబూస్ అని ఒక రొట్టె, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ రొట్టె. జొన్నరొట్టె మాత్రం లేదు. నువ్వు పంపిన పుంటికూర తొక్కు అయిపోయింది. సీసా అడుగున మిగిలిన నూనె కూడా యూసుఫ్ రొట్టెతో తుడుచుకొని తిన్నాడు. నా గురించి ఫికరు చెయ్యకు.

ఇక చెప్పవలసిన సంగతి. నెల కింద అర్బాబు మా రూముకు ఒక ఆటల డబ్బా పంపాడు. అతని కొడుకులు ఆడి ఆడి విసుగొచ్చి వదిలేసిందట. టిఫిను డబ్బా అంత ఉంటుంది, తెల్లగా. టీవీకి తగిలిస్తారు. చేతిలో రిమోటు లాంటి చిన్న కట్టె పట్టుకోవాలి. జారిపోకుండా దానికో తాడు, మణికట్టుకు వేసుకోవాలి. మనం చెయ్యి ఎట్లా ఊపితే టీవీలో బొమ్మ అట్లా ఊపుతుంది. నేను మొదట నమ్మలేదు. యూసుఫ్ టెన్నిస్ ఆట అని రూము నడుమ నిలబడి గాలిని కొడుతుంటే నవ్వొచ్చింది. తలుపు మూసి ఉంది కనుక సరిపోయింది, ఎవరైనా చూస్తే దయ్యం పట్టిందనుకుంటారు. కానీ టీవీలో నిజంగానే బంతి ఎగిరి అవతల పడింది.

ఆడే ముందు ఎవరి బొమ్మ వాళ్ళు చేసుకోవాలి. గుండ్రటి తల, పొట్టి ఒళ్ళు. చూడగానే మన ఇంట్లో చేసే పొనికి కట్టె బొమ్మలు గుర్తొచ్చాయి. చేతులు మాత్రం ఒంటికి అంటి ఉండవు, పక్కన గాలిలో ఉంటాయి. కళ్ళు వరుసగా పేర్చి పెట్టారు, నచ్చినవి ఏరుకోవాలి. నాకు తోచలేదు. ఇన్నేళ్ళు బొమ్మలకు కన్ను దిద్ది బతికినవాణ్ని, తయారుగా ఉన్న కళ్ళలో ఏవి ఏరుకోను? చివరికి యూసుఫే రెండు చిలుక కళ్ళు తీసి పెట్టి, “గిదే నువ్వు, పక్కా” అన్నాడు.

రెండు శుక్రవారాలు నేను ఊరికే చూశాను. మూడో శుక్రవారం మధ్యాహ్నం యూసుఫ్ నన్ను వదల్లేదు.

“అరే రాజన్నా, కొత్త పెండ్లికొడుకు లెక్క మూలకు కూసున్నవేందే! లే, ఒక్కసారి ఇసురు.”

“నాకు రాదు తియ్యి.”

“రాకపోవుడేంది? సిన్నగున్నప్పుడు చిర్రగోనె ఆడలేదా?”

నేను లేచి వెళ్ళి చేతులు కడుక్కొని, తుండుతో తుడుచుకొని వచ్చాను. కుంచె పట్టే ముందు చేసే అలవాటు అక్కా, తెలియకుండానే అయిపోయింది. గంగన్న పకపకా నవ్వాడు.

“అన్నా, ఆట ఆడతందుకు వచ్చినవా, బువ్వ తింటందుకు వచ్చినవా?”

అది బంతి దొర్లించి పది సీసాల లాంటి చెక్కలను పడగొట్టే ఆట. మొదటిసారి ఎప్పుడు వదలాలో తెలియక నా బంతి వెనక్కు పోయింది. వెనక నిలబడ్డ బొమ్మలు భయపడి ఎగిరి గంతులేశాయి. రెండోసారి కొన్ని పడ్డాయి. మూడోసారి పదికి పదీ పడ్డాయి. యూసుఫ్ నన్ను పట్టుకొని గుంజి, “వాహ్ ఉస్తాద్!” అని కేక వేశాడు. నేను కూడా నవ్వాను. గట్టిగానే నవ్వాను. నీ మరదలు పోయాక అంతగా నవ్వింది అప్పుడే. అక్కడితో ఆపి కూర్చుని ఉంటే బాగుండేది.

మేస్త్రి మంచం మీద పడుకొని చూస్తున్నాడు. అతనికి కూడా సంతోషం అయింది.

“కాకది ఇసురుడు గాదురా, చెయ్యి నిల్పుడుల ఉస్తాదు. గా బాణాల ఆట పెట్టుండ్రి. సూడుండ్రి, ఒక్కటి దప్పదు.”

బాణాల ఆటలో కట్టెను ఒక చేత్తో నిలువుగా, విల్లు లాగా పట్టుకోవాలి. తీగతో దానికి కట్టిన ఇంకో ముక్కను రెండో చేత్తో వెనక్కు గుంజాలి. టీవీలో ఒక గుండ్రటి గీత కనబడుతుంది. చెయ్యి కదలకుండా నిలిపితే ఆ గుండ్రం చిన్నదవుతుంది, అప్పుడు వదలాలి. నేను కుడిచేత్తో పట్టుకున్నాను. గుండ్రం వణికింది. చిన్నది కాలేదు. ఎంత బిగబట్టినా వణుకుతూనే ఉంది.

“సెల్లులు అయిపోయినట్టున్నయ్‌రా” అన్నాడు గంగన్న. కొత్త సెల్లులు వేశారు. మళ్ళీ వణికింది.

“కట్టె ఖరాబయింది, గింతే” అని యూసుఫ్ నా చేతిలోంచి తీసుకొని పట్టి చూశాడు. గుండ్రం గోడకు కొట్టిన మేకు లాగా నిలబడింది. మళ్ళీ నాకిచ్చాడు. మళ్ళీ వణికింది. నేను మోచెయ్యి డొక్కకు ఆనించాను. ఎడమ చెయ్యి మణికట్టు కింద పెడదామని తీగ ముక్క వదిలాను. బాణం పోయి నా బొమ్మ కాళ్ళ ముందే నేలలో గుచ్చుకుంది.

ఇక ఎవరూ నవ్వలేదు. యూసుఫ్ నా ముఖం చూడకుండా టీవీ బంద్ చేశాడు.

అక్కా, ఇది రెండేళ్ళ నుంచి ఉంది. నీ మరదలికి కూడా చెప్పలేదు. పనిలో ఎవరికీ తెలియలేదు. తలుపు బల్ల మీద పరిచి ఉంటుంది, దానికి మోచెయ్యి ఆనిస్తాను, ఎడమ చెయ్యి కింద పెడతాను. అట్లా అయితే గీత చక్కగా వస్తుంది. చెయ్యి గాలిలో ఉంటేనే వణుకుతుంది. అందుకే చాయ సగం గ్లాసే పోసుకుంటాను. అన్నం అందరూ తిన్నాక గోడ వైపు తిరిగి తింటాను. సిగ్గరి మనిషి అనుకున్నారు. ఆ సిగ్గు నాకు పనికొచ్చింది. ఆ ఆటలో మాత్రం ఆనించడానికి ఏమీ లేదు.

మర్నాడు పనిలో ఉండగా మేస్త్రి నన్ను కట్టెలు పేర్చిన చోటికి తీసుకుపోయాడు. చాయ తెచ్చాడు. నాకు తనే సగం గ్లాసు పోసి ఇచ్చాడు.

“ఎప్పటిసంది ఉన్నది కాకా గిది?”

“రెండేండ్ల సంది.”

“నాకు ఒక్క మాట జెప్పకపోతివి.”

“చెప్తే తోలుకొస్తుంటివా?”

అతను తన గ్లాసు కట్టెల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “నిన్ను ఎవ్వలు ఏమనరు కాకా. గని అర్బాబుకు నేను మాటిచ్చిన. గీత పని ఇంకొకలకు ఇస్త. నువ్వు గరుకు కాయిదంతోని కట్టె రుద్దే పని జేస్తే ఉండు, లేకుంటె ఇంటికి పో. జల్ది లేదు. గంగన్న తిరిగొచ్చేదాంక సోంచాయించుకో.”

డాక్టరు దగ్గరికి కూడా అతనే తీసుకుపోయాడు. గోలీలు ఇచ్చారు, వేసుకుంటున్నాను. తగ్గుతుందని డాక్టరు అనలేదు, పెరగకుండా చూద్దాం అన్నాడట. నువ్వు పరేషాను కాకు.

ఇప్పుడు రాజస్థాన్ నుంచి వచ్చిన ఒకతను గీత పని చేస్తున్నాడు. నేను మొదలుపెట్టిన తలుపు చివరి పలక వరకు వచ్చి ఆగింది. అతను నా గీతలో చివరి జానెడు గుడ్డతో తుడిచేసి, తన గీత వేసుకున్నాడు. రంగు కలవాలంటే అట్లా తుడవాల్సిందే, తప్పు లేదు. నేను పక్కనే కూర్చుని కట్టె రుద్దుతూ చూశాను. నాకు బాపు గుర్తొచ్చాడు.

నీకు ఆ రోజు యాదికి ఉందా? అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. నువ్వు పుట్టింటికి వచ్చి ఉన్నావు. బొమ్మలకు పూసే లప్పం కోసం చింతగింజలు నూరుతున్నావు. దుకాణం అతను కట్టె చిలుకల కోసం వచ్చి కూర్చున్నాడు. గంప నిండా చిలుకలకు బాపు కళ్ళు దిద్దాడు, అన్నీ వంకర. నేను దుకాణం అతని ముందే తడిగుడ్డ తీసుకొని ఆ కళ్ళన్నీ తుడిచేశాను. “ఇగ చాలు బాపూ, నువ్వు లెవ్వు. నీ చెయ్యి పనికిరాదు” అన్నాను. బాపు కుంచె కడిగాడు. తుడిచి, మొన సర్ది, నా మోకాలి దగ్గర పెట్టి లేచి పెరట్లోకి పోయాడు. నేను తుడవకముందే నువ్వు ఒక చిలుకను కొంగు చాటున దాచుకున్నావు. నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

శ్రీనివాసు పరాయివాడు. ఎవరూ లేని చోటికి తీసుకుపోయి, చాయ పోసి చెప్పాడు. నేను కొడుకును.

ఆ తర్వాత బాపు ఎన్నో ఏళ్ళు బతికాడు. కుంచె లేని బాపు పొద్దంతా ఏం చేసేవాడు? ఎక్కడ కూర్చునేవాడు? ఎవరితో మాట్లాడేవాడు? నేను అదే ఇంట్లో ఉన్నాను అక్కా, నాకు తెలియదు. నేను తల వంచుకొని పని చేసుకున్నాను. నువ్వు వచ్చినప్పుడల్లా బాపు నీతో మాట్లాడేవాడు. ఆ రోజు పెరట్లో నీతో ఏమన్నాడో నాకు రాయి. నన్ను తిట్టి ఉంటే తిట్టినట్టే రాయి. ఎంత కాలానికి తన చేత్తో తినలేకపోయాడో అది కూడా రాయి. నేను ఇక్కడ కట్టె రుద్దుకుంటూ ఉండాలా, వచ్చి ఆ ఇంట్లో కూర్చోవాలా, నువ్వు రాసింది చదివాక మేస్త్రికి చెబుతాను.

రూములో ఇప్పుడు ఎవరూ ఆడటం లేదు. నా కోసమని డబ్బా మీద గుడ్డ కప్పి పెట్టారు. ఆడుకోండి అంటే, “మాకే యాష్టకొచ్చింది తియ్యి” అంటాడు యూసుఫ్. అది నాకు ఇంకా కష్టంగా ఉంది. నా బొమ్మ అందులోనే ఉంది, చేతులు కదలకుండా.

గంగన్న వెంట నీకు సబ్బులూ, బావ మోకాలికి రాసుకునే మందూ పంపుతున్నాను. నిర్మల్ పోయినప్పుడు ఇంటి తాళం తీసి, అటక మీద పొనికి కట్టెలకు చెదలు పట్టాయేమో చూడు. పట్టకపోతే ఎవరైనా పనివాళ్ళకు ఇచ్చెయ్యి. గంగన్న తిరిగి వచ్చేటప్పుడు పుంటికూర తొక్కు కొంచెం, జొన్నపిండి కొంచెం పంపు, యూసుఫ్ కూడా అడిగాడు. మీ అత్తకు నా దండాలు చెప్పు. పిల్లల తల మీద నా పేరున చెయ్యి పెట్టు. నువ్వూ బావా నన్ను దీవించండి. తిండికి లోటు లేదు, మనుషులు మంచివాళ్ళు.

ఇంకొక్క మాట. ఈ ఉత్తరం అంతా మోచెయ్యి బల్లకు ఆనించి, ఎడమ చెయ్యి కింద పెట్టి రాశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. చూసి, తమ్ముడు మంచిగానే ఉన్నాడు, ఊరికే భయపడుతున్నాడు అనుకుంటావు. అందుకని కింద నా పేరు ఒక్కటి చెయ్యి ఆనించకుండా రాస్తున్నాను. నువ్వు దాచిన చిలుక ఇంకా ఉంటే, బాపు దిద్దిన దాని కన్ను పక్కన ఈ పేరు పెట్టి చూడు.

నీ తమ్ముడు
రాజన్న