కొత్త చేతులకు బైపోలార్

విమలా,

ఈ రోజు నీ ఏడాది జ్ఞాపకార్థ కూటం అయింది. అందరూ వెళ్లాక సునీత కూర్చుండిపోయింది. అమలాపురం కాలేజీలో నీ ఎలక్ట్రానిక్స్ పాఠాలు ఇప్పుడు చెబుతున్నది నీ శిష్యురాలే.

"ల్యాబులో బైపోలార్ ట్రాన్సిస్టర్లు తీసేసి, అంతా సీమాస్ చిప్పులే పెట్టమంటున్నారు మాస్టారూ మా ప్రిన్సిపాల్ గారు. ఊరికే ఉన్నప్పుడు కరెంటు తాగదు కదా అంటున్నారు. మేడమ్ గారైతే ఏమనేవారండీ?"

"నేను తెలుగు మాస్టారినమ్మా," అన్నాను. కానీ అన్నాల దగ్గర నువ్వు చెప్పింది గుర్తుంది. "సీమాస్ పొదుపే, కానీ మన ఒంటి మీది స్థిర విద్యుత్తు తగిలినా పాడైపోతుందట. బైపోలార్ కాస్త ఓర్చుకుంటుంది, కొత్త చేతులకు ముందు అదే ఇవ్వాలి అనేది."

సునీత నవ్వింది. "ఆయ్! సీమాస్ పట్టుకునే ముందు, ఒంటి మీది కరెంటు నేలలోకి పోవాలని మమ్మల్ని బోరింగు పంపు ముట్టుకుని రమ్మనేవారు. ఈ కోనసీమ చెమ్మలో ఒంటి మీద కరెంటు ఎక్కడ నిలుస్తుందండీ అంటే తిట్టేవారు. మొదటి ప్రయోగం బైపోలార్‌తోనే ఉంచమని అడుగుతానండి. కానీ పాతవి అయిపోయాయి, కొత్తవి కొననంటున్నారు."

నీ ట్రాన్సిస్టర్ల డబ్బా తెచ్చి ఇచ్చాను. నువ్వు పోయాక దాని మూత తీయలేదు.

"మేడమ్ గారివి కదండీ. పిల్లలు కాల్చేస్తారేమో."

"కాల్చనీ అమ్మా. నేర్చుకోవడానికే కదా," అన్నాను.

అల్మరాలో డబ్బా ఉన్నచోట ఇంకా ఏమీ పెట్టలేదు.