బండికి ఊపిరి

మార్చి 2

తొమ్మిదేళ్ళయింది. ఇవాళ్టికీ కడుపు మండుతూనే ఉంది. నా షెడ్డులో, నా ఖాతాదార్ల ముందు, నా సొంత తమ్ముడు, అన్నయ్యా, చెవితో ఇంజన్లు బాగుచేసే రోజులు పోయాయి అన్నాడు. నలభై ఏళ్ళు చెవి ఆనించి కార్బొరేటర్లు సరిచేసినవాణ్ణి నేను. వాడు విడిపోయి, లాప్‌టాప్‌తో వేరే షాపు పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ మా ఇంటికి రాలేదు. నేనూ రమ్మనలేదు.

మార్చి 4

మా ఆవిణ్ణి డాక్టరుకి చూపించి వస్తూ కొండ రోడ్డు మీద లారీని దాటబోయాను. సగం దాటాక బండిలో లాగుడు చచ్చిపోయింది. టర్బో అని మోజుపడి కొన్నాను, నత్తకి నాలుగు చక్రాలు కట్టినట్టుంది. ఎదురుగా బస్సు. లారీవాడు బ్రేకేసి దారిచ్చాడు కాబట్టి ఇది రాస్తున్నాను. మహానుభావుడు. మొహం కూడా చూడలేదు.

ఇంటికొచ్చాం. దిగాక ఆవిడ, మీ బండికీ నా జబ్బే పట్టిందండీ, ఎత్తు చూస్తే ఆయాసం అంది. నవ్వుతూనే అంది. తర్వాత నవ్వకుండా, ఇక ఈ కారెక్కను, డాక్టరూ వద్దు, ఏమీ వద్దు అంది. ఊపిరి డాక్టరుండేది కొండ అవతల. వారానికి రెండుసార్లు వెళ్ళాలి. మానేస్తే ఏమవుతుందో ఆయన నాకు విడిగా చెప్పాడు.

మార్చి 7

వెళ్ళాల్సిన రోజు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోలేదు.

మార్చి 9

మూడు రోజులుగా తల బానెట్ కిందే. ప్లగ్గులు, ఫిల్టరు అన్నీ విప్పి బిగించాను. షెడ్డులో నిలబెట్టి రేజ్ చేస్తే పులి. కొండ దగ్గర పిల్లి. ఆవిడ వాకిట్లోంచి, మా మరిదికి చూపించండి, పోయిన పరువు మళ్ళీ తెచ్చుకోవచ్చు అంది.

ఆవిడే పోతే తెచ్చుకోలేను.

మార్చి 11, సాయంత్రం

వెళ్ళాను.

వాడి జుట్టూ నెరిసింది. ఎందుకొచ్చావనలేదు. వదినకెలా ఉంది అన్నాడు. లాప్‌టాప్ వైరు బండికి తగిలించి, నన్ను నడపమని పక్కన కూర్చున్నాడు. ఎత్తు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కించాడు. స్క్రీన్ మీద గీత లేచింది, అంతలోనే కుప్పకూలింది. బూస్ట్ నిలవడంలేదు, టర్బో తోసే గాలి ఎక్కడో పోతోంది, ఎక్కడన్నది ఇది చెప్పదు, నువ్వే విను అన్నాడు.

అద్దం దించి మళ్ళీ తొక్కాను. విన్నాను. బానెట్ కింద బుస్సుమని గాలి.

టర్బో నుంచి వచ్చే గొట్టం డిసెంబరులో పగిలితే నేనే మార్చాను. షెడ్డులో పడున్న రేడియేటర్ పైపు కోసి వేశాను. కొలత అతికినట్టు సరిపోయింది. ముచ్చటపడి క్లాంపులు రెండేసి బిగించాను. అది నీళ్ళ పైపు. వేడికీ నూనెకీ మెత్తబడింది. లోడు పడి బూస్ట్ ఎక్కగానే కప్ప గొంతులా ఉబ్బి, అంచున చీలిక నోరు తెరుస్తోంది. షెడ్డులో లోడెక్కడిది? అందుకే అక్కడ బయటపడలేదు.

ఇదెవరేశారండీ అని వాడి షాపులో పెయింటరు అడిగాడు. ఎవడో గాడిద అన్నాను. పైపు చేతిలోకి తీసుకుని, ఆ గాడిద నేనే అన్నాను. పెయింటరు నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు. నేనూ ఇలాంటివి మూడు వేశాను అన్నయ్యా అన్నాడు. నిజమో అబద్ధమో. వాడి చేతులు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. నా చేతులకి గ్రీజుంది.

మార్చి 12

సరైన పైపు వేశాడు. తర్వాత ట్యూనింగ్. బూస్ట్ ఇంకా పెంచమన్నాను. వదిన కూర్చునే బండి, పందెం గుర్రం కాదు అన్నాడు. దూకుడు వద్దు, లాగుడు చాలు, కాలు ఆనించగానే టర్బో అందుకునేలా చేస్తానన్నాడు. ఒక్కో మార్పు చేయడం, రోడ్డు మీదికి, మళ్ళీ షాపుకి. పదకొండుసార్లు. ప్రతిసారీ గ్రాఫ్ చూసి, నా మొహం చూశాడు. నేను విని ఊ అన్నాకే సేవ్ కొట్టాడు.

షాపు నిండా జనం. అందరూ చూశారు.

మార్చి 14

ఆవిణ్ణి బతిమాలాను. మరిది చేశాడు, ఆయన కాదు అని కారుకే చెప్పి ఎక్కింది. కొండ మీద లారీని దాటాను. వెనక నుంచి ఎవరో చెయ్యి ఆనించి నెట్టినట్టు, కుదుపు లేకుండా వెళ్ళింది. పక్కకి చూస్తే ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. భయమనుకున్నాను. గురక.

డాక్టరు ఆవిడ చేత గొట్టంలో ఊదించాడు. రెండుసార్లు మానినందుకు నన్ను తిట్టాడు. సంతోషంగా తిట్లు తిన్నాను.

మార్చి 15

ఒరే తమ్ముడూ, ఈ కాగితం చించి నీ షాపులో ఇస్తాను. వచ్చే ఆదివారం మీ ఆవిడతో భోజనానికి వస్తావా, రావా? వదిన అడగమంది అని రాద్దామనుకున్నాను. ఆవిడకి తెలీదు. అడిగేది నేనే. శనివారం సాయంత్రం ఆరులోగా చెప్పు. ఫోనులో కుదరదు, వచ్చి చెప్పాలి.