మీ ఆయన్ని వెనక్కి పిలిపించుకోండి

మే 4, శనివారం
పుచ్చతోట నుంచి

గౌరవనీయులైన వదినగారికి,

మీ వియ్యపురాలు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, ఆవు, ఆరు మళ్ల పుచ్చతోట క్షేమం. మీ ఆయన, అదే మా అన్నయ్యగారు, అందరికంటే క్షేమం. ఆయన అంత క్షేమంగా ఉండబట్టే నాకీ ఉత్తరం రాయాల్సిన అవసరం వచ్చింది.

మీ ఉత్తరం మొన్న అందింది. రెండు రోజులు చూసొస్తానని వెళ్లిన మనిషి పద్దెనిమిది రోజులైనా రాలేదు, అక్కడ అంత రాచకార్యాలు ఏం వెలగబెడుతున్నారు అని అడిగారు. నేనూ అదే అడుగుతున్నాను తల్లీ! పుణ్యం ఉంటుంది, మీ ఆయన్ని వెనక్కి పిలిపించుకోండి. రిటైరయ్యాక ఆయన వంటింట్లో దూరి డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దేశారని, ఆవాలు కనపడక మీరు ఏడ్చినంత పని చేశారని చెప్పినప్పుడు పడీపడీ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పుడు వడ్డీతో సహా అనుభవిస్తున్నాను.

నా పరిస్థితి మీకు తెలియంది కాదు. మీ అల్లుడు, అదే మా వాడు, పోయిన ఏడాదే తేల్చి చెప్పేశాడు. ఈ వేసవి కాపు నువ్వొక్కదానివే గట్టెక్కిస్తే సరే సరి, లేదంటే పొలం కౌలుకిచ్చేసి మా ఇంటికి వచ్చెయ్ అన్నాడు. మీ అమ్మాయి కూడా అవునత్తయ్యా అంది. ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ వదినగారూ, నాలుగో అంతస్తులో, బాల్కనీలో రెండు కుండీలకి నీళ్లు పోసుకుంటూ నేను ఎన్నాళ్లు బతుకుతాను? కుండీలే ముందు పోతాయో, నేనే ముందు పోతానో! అందుకని ఈ వేసవి నాకు చావోరేవో తేల్చుకునే వేసవి. అలాంటి వేసవిలో నాకు దొరికిన సాయం ఎవరయ్యా అంటే, జీవితంలో గడ్డపార పట్టని హెడ్ క్లర్కుగారు.

మూడో రోజు పొద్దున బస్సుకి వెళ్లిపోతానని ఆయన సంచి కూడా సర్దుకున్నారు. ఏమైందో ఏమో, ఆ సంచి మళ్లీ విప్పేశారు. అక్కణ్ణుంచి మొదలయ్యాయి నా తిప్పలు.

ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మెడలో తాడు కట్టిన కళ్లజోడు. ఈ వేషంతో తెల్లారేసరికి తోటలో ఉంటారు. మొదటి పని, కాయలన్నిటి మీదా సుద్దముక్కతో నంబర్లు వేశారు. మడి నంబరు, వరస నంబరు, కాయ నంబరు! తొడిమ దగ్గర నులితీగ ఎండిందా, నేలకానిన వైపు పసుపు తిరిగిందా అని ఒక్కో కాయ దగ్గరా గొంతుక్కూర్చుని చూస్తారు. పండితే మంజూరు. పండకపోతే పరిశీలనలో ఉంది. ఐదో మడి, మూడో వరస, పదకొండో కాయ పరిశీలనలో ఉండబట్టి వారం అయింది. పుచ్చకాయని చూసి జాలిపడటం నాకిదే మొదటిసారి.

ఈ జబ్బు కూలీలకీ అంటుకుంది. టీ ఇంకా మంజూరు కాలేదా అమ్మగారూ అని కేక వేస్తున్నారు. కూలీల్లో ఒకామె కోడలికి నెలలు నిండాయి. ఎప్పుడే అని అడిగితే, పరిశీలనలో ఉందమ్మా అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మా ఆవు సంగతి మీకు తెలుసుగా. ఎనిమిదేళ్లుగా మేపుతున్న నన్నే తన్నే రకం. ఈయన దాని ఎదురుగా నిలబడి, కొంచెం పక్కకి జరుగుతారా అండీ అన్నారు. అది జరిగింది వదినగారూ! ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఎనిమిదేళ్లు తిట్టిన నేనేం కాను దానికి?

ఇక ఎండ సంగతి. మధ్యాహ్నం అయ్యేసరికి నేల పెనంలా కాలుతుంది. అలాంటి ఎండలో ఈయనగారు భుజాన నీళ్ల బిందె పెట్టుకుని వరస వరసకీ తిరిగి కూలీలకి నీళ్లు పోస్తున్నారు. చూసి నా గుండె ఆగిపోయింది. పిల్లనిచ్చిన వియ్యంకుణ్ణి పిలిచి నీళ్లు మోయిస్తోందని నలుగురూ నన్నంటే నేను తలెక్కడ పెట్టుకోను? బిందె దించండి అన్నయ్యగారూ అని అరిచాను. మనిషికి గంటకోసారి నీళ్లు అందాలమ్మా, వాళ్లే గట్టు దాకా నడిచొస్తే దారి ఎక్కువ, నేను వెళితే దారి తక్కువ అని లెక్క చెప్పారు. లెక్క సరిగ్గానే ఉంది, అందుకని ఇంకా గట్టిగా అరిచాను.

ఇంకొకటి చెప్పాలి. చెప్పడానికి నామోషీగా ఉంది గానీ చెబుతాను. మా దగ్గర కోతకొచ్చే యాభై ఏళ్ల మనిషి ఒకడున్నాడు. అందరూ పది కాయలు కోస్తే అతను నాలుగు కోస్తాడు. ఆరేళ్ల క్రితం నేనే అతనికి నత్త అని పేరు పెట్టాను. అదే స్థిరపడిపోయింది. వచ్చే ఏడు మానిపిద్దామని కూడా అనుకున్నాను. అన్నయ్యగారు నాలుగు రోజులు ఏ నంబరు కాయ ఎవరు కోశారో రాసుకుని, అవన్నీ ముందేసుకుని చూసి, పొద్దున్నే నా దగ్గరికొచ్చి, ఒక మాట చెబుతాను ఏమీ అనుకోకమ్మా అన్నారు. గబగబా కోసేవాళ్లు ప్రతి పదిలోనూ రెండు పచ్చివి కోస్తున్నారట. నత్త కోసినవాటిలో ఇంతవరకూ ఒక్క పచ్చిది లేదట. ఆ కాయల్లో కొన్ని చీల్చి చూపించారు. అన్నీ ఎరుపే. ఆరేళ్లు నా కళ్ల ముందు తిరిగిన మనిషిని నేను చూడనే లేదు. సుద్దముక్క పట్టుకుని నిన్నగాక మొన్న వచ్చినాయన చూశారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. నత్తని పిలిచి, ఇక నుంచి ఏది కోయాలో నువ్వే చూపించు, మిగతావాళ్లు కోస్తారు అని చెప్పాను. అతను తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు కట్టుకున్నాడు.

గురువారం బేరగాడు వచ్చాడు. అందరూ టకటక అని పిలుస్తారు. కాయని వేలితో టకటకమని కొట్టి, పెదవి విరిచి, పక్కన పడేస్తాడు. పడేసినవాటిని సగం ధరకి తనే పట్టుకుపోతాడు. ఏటా నేను గొంతు చించుకోవడం, వాడు నవ్వుకోవడం. ఈసారి అన్నయ్యగారు వాడికి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, పక్కన ఇంకో కుర్చీలో కాగితాలతో కూర్చున్నారు. టకటక మొదటి కాయ పక్కన పెట్టగానే, తిరస్కరణకు కారణం చెప్పండి, రాసుకుంటాను అన్నారు. వాడు బిత్తరపోయి, బాగోలేదు అన్నాడు. ఎలా బాగోలేదు, రంగా, బరువా, శబ్దమా అన్నారు. శబ్దం అన్నాడు. ఏ రకం శబ్దం అన్నారు. రాసి, ఇక్కడ సంతకం పెట్టండి అన్నారు. ఒక్కో కాయకీ ఇదే తంతు! కోపం లేదు, వెటకారం లేదు, ఎంతో మర్యాద. పద్నాలుగో కాయ దగ్గర టకటకకి చెమటలు పట్టాయి. అప్పుడు నత్త కత్తి తీసుకుని, ఎవరూ చెప్పకుండానే, ఆ పద్నాలుగూ వరసగా కోసి పరిచాడు. రక్తంలా ఎర్రగా ఉన్నాయి. టకటక లేచి, అన్నీ ఎక్కించెయ్యండిరా బాబూ, ఈయన్ని మాత్రం నా పక్కనుంచి లేపండి అని దణ్ణం పెట్టాడు. లారీ నిండా నాలుగు మళ్ల కాయలు వెళ్లిపోయాయి. వదినగారూ, ఆ లారీ మలుపు తిరిగే దాకా నేను గట్టు మీదే నిలబడ్డాను. కళ్లల్లో దుమ్ము పడిందని చెప్పాను గానీ దుమ్మూ లేదు, గాలీ లేదు.

ఇంకా రెండు మళ్లున్నాయి. అవి కూడా గట్టెక్కితే పొలం నాది, నేను పొలానిదాన్ని.

కాబట్టి నేను చెప్పొచ్చేదేమిటంటే... ఏం చెప్పొచ్చాను? ఆఁ, మీ ఆయన్ని వెంటనే పంపిస్తాను. ఆఖరి మడి కోత అయిపోగానే వెంటనే పంపిస్తాను. ఈలోగా మీరు తొందరపడి పిలవకండి. ఆవాలు ఎక్కడున్నాయని అడిగాను. ఆముదం సీసాకీ ఇంగువకీ మధ్య వెతకమన్నారు.

ఇట్లు,
మీతో వియ్యమందినందుకు ఇన్నాళ్లకి సంతోషిస్తున్న
మీ వియ్యపురాలు

తా.క.: ఇది నేను. మొదటి వాక్యం దగ్గరే నా చేతిరాత పోల్చుకుని ఉంటావు. పై ఉత్తరమంతా చెల్లెమ్మగారు చెబుతుంటే నేనే రాశాను. నన్ను తిట్టినవి కూడా ఒక్క అక్షరం మార్చలేదు. ఏమైందో ఏమో అన్నచోట మాత్రం నవ్వాపుకోలేకపోయాను. నేను బయల్దేరాల్సిన ఆ పొద్దున పంపు దగ్గర తడి రాయి మీద జారి ఆవిడ కుడిచెయ్యి విరిగింది. ఎముకల డాక్టరు ఆరు వారాల కట్టు వేశాడు. టకటక ముందు కూడా ఆవిడ కట్టు కనపడకుండా తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. పిల్లలకి తెలిస్తే పొలం మర్నాడే కౌలుకి పోతుందని, ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. నీ దగ్గర ఏదీ దాచడం నాకు చేతకాదు. నువ్వు మాత్రం అమ్మాయి దగ్గర నోరు జారకు.

ఇంకో తప్పు కూడా ఒప్పుకుంటాను. ఉత్తరం చివర్లో ఆవిడ నా గురించి ఒక వాక్యం చెప్పారు. రాశారా అని అడిగితే రాశానన్నాను. రాయలేదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో, చెబుతుంటే రాయకుండా వదిలేసిన వాక్యం అదొక్కటే. నా గురించి నేనే అలాంటిది రాసుకోవడానికి చెయ్యి రాలేదు.

ఇంకో తా.క.: వదినగారూ, ఈ కోడిగీతలు నా ఎడమచేతివి. చదవకుండా కవరు అంటించే మనిషినా నేను? చెప్పొద్దన్నది చెప్పేశారు, రాయమన్నది మింగేశారు. ఆయన మింగేసింది ఇదీ. చెయ్యి విరిగిందంటే ఎవరైనా ఇంక చాల్లే, ఇంటికి పద అంటారు. కట్టు వేయించుకుని వస్తుంటే దారిలో ఈయన ఒక్కరే, రేపు ఏ మడి కోయిద్దాం చెల్లెమ్మా అని అడిగారు.