అనీసా ఏ బళ్లో చదువుతోంది

గరువుపాలెం,
18-12-2003.

అనీసా నాన్నగారికి, కరీమున్ సలాం చెప్పి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. చలికి అత్తమ్మ మోకాళ్లు కాస్త బిగుసుకుపోతున్నాయి, అంతకుమించి ఏం లేదు. మీరుండే గుజరాత్‌లో చలి ఇంకా గట్టిదని విన్నాను. జిన్నింగ్ మిల్లులో రాత్రి షిఫ్టు పడితే చెవులకు గుడ్డ కట్టుకోండి.

పండగ అయ్యాక మీరు రాసిన ఉత్తరం చేరింది. చేను సంగతి అడిగారు. పత్తి రెండో తీత నడుస్తోంది. గురవమ్మ తన కూలీలను తీసుకుని వస్తోంది. మిరపలో ముడత ఈసారి తక్కువే. పండక్కి అనీసా వచ్చిందా అని అడిగారు. రాలేదు. పరీక్షలున్నాయి, చదువుకోనీ అని మీ అక్కగారు కబురు పంపారు. పిల్ల లేకుండా సేమ్యా వండితే అత్తమ్మ గిన్నె ముట్టుకోలేదు.

ఇక మీ ఉత్తరంలో సగం హైస్కూళ్ల గురించే. ‘అనీసాకు గుంటూరు చదువు పట్టుబడటం లేదని అక్క అంటోంది. వచ్చే ఏడాది మన దగ్గర్లో ఏ గవర్నమెంటు హైస్కూల్లోనన్నా వేద్దాం. తొందర లేదు, అన్నీ చూసి పోల్చి రాయి. అప్పటిదాకా అక్క దగ్గరే ఉండనీ’ అన్నారు. చదవగానే నాకు మనసు చివుక్కుమంది. మన ఊరి బళ్లో ఏడో తరగతి అయ్యాక, ఆడపిల్లల హైస్కూలైతే మేలు, అక్క ఇల్లు పక్కనే అని గుంటూరులో చేర్పించింది మీరే కదా. అయినా మీరు చెప్పారు కాబట్టి బయలుదేరాను.

ముందు చింతగరువు హైస్కూలుకు వెళ్లాను. గోడ ఉందా అని అడిగారు, రోడ్డు వైపు ఉంది, చేల వైపు లేదు. ఎనిమిదో తరగతి వరండాలో కూర్చుంటుంది. ఆడపిల్లలకు మరుగుదొడ్డి కట్టారు కానీ తలుపు లేదు, అందుకని మధ్యాహ్నం ఇళ్లకు పోయి వస్తారు. లెక్కలు ఎవరు చెబుతారని అడిగారు. అదే అక్కడి హెడ్మాస్టరు అనంతపద్మనాభం గారిని అడిగాను. ఆయన దాచలేదు.

“లెక్కల మాస్టారు బదిలీ అయ్యారమ్మా. ఇంకా ఎవర్నీ వెయ్యలేదు. నేను తెలుగు పండితుణ్ణి. ముందురోజు ఇంట్లో చేసి చూసుకుని మరీ చెబుతున్నాను. మీ పిల్లకి లెక్కలంటే ఇష్టమైతే మాత్రం ఇంకోచోట చూసుకోండి” అన్నారు.

పదో తరగతిలో సగం మంది తప్పారట. అదీ ఆయనే చెప్పారు.

మర్నాడు ఏనుగులకుంట వెళ్లాను. అదీ జిల్లా పరిషత్ హైస్కూలే, కానీ పోలికే లేదు. చుట్టూ గోడ, గేటు, బోరింగు, సైన్సు గదిలో అద్దాల బీరువా. అన్ని సబ్జెక్టులకూ టీచర్లున్నారు. పదో తరగతి దాదాపు అందరూ గట్టెక్కారు. ఎటొచ్చీ సాయంత్రం బస్సు పొద్దుపోయాక గానీ రాదు, కొన్ని రోజులు అసలు రాదు. హెడ్మిస్ట్రెస్ గారు మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడారు. “సీట్లు నిండిపోతాయండి. ఇప్పుడు చదివే స్కూల్లో క్వార్టర్లీ మార్కులు అడిగి తీసుకురండి. చూసి చెబుతాను” అన్నారు.

ఆ మార్కుల కోసమే నేను గుంటూరు వెళ్లాను. మీ అక్కగారికి చెప్పకుండా నేరుగా స్కూలుకే పోయాను. క్లాసు టీచరు పేరు రాజ్యం. అనీసా వాళ్లమ్మనని చెప్పగానే ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

“పెళ్లి చేశారేమో అనుకున్నామండి” అన్నారు.

నాకు అర్థం కాలేదు. “ఎవరికి?” అన్నాను.

“మీ అమ్మాయికే. దసరా సెలవుల తర్వాత రానేలేదు కదా. ఇంటికి కబురు పంపితే ఊరికి తీసుకెళ్లిపోయారని చెప్పారు. సైన్సులో చురుకైన పిల్ల. ఇలా మధ్యలో మానేసేవాళ్లు మాకు కొత్త కాదు లెండి.”

ఆ చివరి మాట ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

అక్కణ్ణించి మీ అక్కగారింటికి ఎలా నడిచానో తెలియదు. పెరట్లో అనీసా పసిబిడ్డ గుడ్డలు ఉతుకుతోంది. నన్ను చూసి లేచింది, దగ్గరికి రాలేదు. ముందు వాళ్లత్త మొహం చూసింది. మన ఇంట్లో ఎవరి మొహమూ చూసి మాట్లాడే పిల్ల కాదది.

“బడి మానిపించావా వదినా?” అన్నాను.

మీ అక్క నగ్మా గారు తొణకలేదు. “మానిపించడమేంటి కరీమున్, పెద్దపెద్ద మాటలు. నా కూతురు పురిటికొచ్చింది. ఆపరేషనయ్యింది. బిడ్డని చూసే దిక్కు లేదు. ఎనిమిదో తరగతి వచ్చే ఏడైనా చదవొచ్చు, కాన్పు వాయిదా వేసుకుంటామా?”

“నాకొక మాట చెప్పాలా వద్దా?”

“నీ మొగుడికి ఫోన్ చేసి అడిగాను. నీ మేనకోడలే కదక్కా, ఉంచుకో అన్నాడు. కరీమున్ గొడవ చేస్తుంది, దానికి నేను నిదానంగా చెప్పుకుంటాలే అన్నాడు. చెప్పలేదా?”

చెప్పలేదు. హైస్కూళ్లు పోల్చి రాయమన్నారు.

గోడ గురించి అడిగారు, మరుగుదొడ్డి గురించి, లెక్కల మాస్టారి గురించి, పదో తరగతి ఫలితాల గురించి అడిగారు. చదివి, మా ఆయనకు బిడ్డ మీద ఎంత శ్రద్ధ అనుకున్నాను. ఆ ఉత్తరం అత్తమ్మకు గట్టిగా చదివి వినిపించాను కూడా. పత్తి తీత వదిలేసి ఊళ్లు తిరిగాను. పిల్ల బడికి పోతోందా అని మాత్రం అందులో ఎక్కడా లేదు. తెలిసిన సంగతి ఎవరూ అడగరు కదా.

మీ అక్కగారి కూతురి మీద నాకు కోపం లేదు. ఆ పిల్ల మంచం మీంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకు కబురు చేసి ఉంటే నేనే వచ్చి పురుడు పోసేదాన్ని. మీరూ మీ అక్కగారూ నన్ను అడగనే లేదు.

అనీసాను ఆ రోజే తీసుకొచ్చేశాను. దాని పాత స్కూలు నుంచి టీసీ తీసుకుని చింతగరువులో చేర్పించాను. తలుపు లేనిది, లెక్కల మాస్టారు లేనిది, మూడింటిలోకీ తక్కువది. అనంతపద్మనాభం గారు “చెప్పాను కదమ్మా” అన్నారు. “చెప్పారండీ. అయినా చేర్చుకోండి” అన్నాను. మన చేలో నిలబడితే ఆ వరండా కనిపిస్తుంది. పత్తి తీస్తూ తలెత్తితే పిల్లలు కూర్చుని ఉంటారు. పిల్ల బడిలోనే ఉందని నా కళ్లతో చూసుకోవాలి. ఇంకొకరు చెబితే నమ్మే ఓపిక నాకు లేదు. మరుగుదొడ్డికి తలుపు బిగించమని వడ్రంగి యలమందయ్యను అడిగాను, వచ్చే వారం వస్తానన్నాడు. లెక్కలు నేను చెప్పలేను. అనీసా తోటివాళ్లకన్నా వెనకబడింది. అందుకుంటుందో లేదో తెలియదు.

ఇంకొకటి ఉంది. రాయకూడదనే అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో “నాన్నకు తెలుసా అమ్మా?” అని అడిగింది అది.

“తెలియదు” అన్నాను. “తెలిస్తే ఊరుకునేవాడా” అని కూడా అన్నాను.

నమ్మింది. నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఆ అబద్ధం మీ పరువు కోసం చెప్పలేదు. ఒక్క రోజులో దానికి అత్తా, నాన్నా ఇద్దరూ పోకూడదని చెప్పాను.

సీజన్ అయ్యాక మీరు వస్తారు. అది మీ ఒళ్లో కూర్చుని అన్నీ చెబుతుంది. ‘అత్త నన్ను బడి మానిపించింది నాన్నా, నీకు తెలియదుగా’ అంటుంది. అప్పుడు మీరు ఏం చెబుతారో, కోపం వచ్చినట్టు మొహం ఎలా పెడతారో ఇప్పట్నుంచే ఆలోచించుకోండి. అందులో మాత్రం నేను సాయం చేయలేను.

ఇట్లు,
అనీసా తల్లి
కరీమున్