పెట్టె ముందొచ్చింది

మెట్‌పల్లి,
డిసెంబర్ 12

ప్రేమగల గ్రేస్ అక్కకు,

వందనాలు. ఈ ఉత్తరంతో పాటు రెండు సంచులు, బోథ్ వస్తున్న సమ్మయ్య పెద్దయ్య చేతికిచ్చి పంపుతున్నాను. అందులో ఉన్నవి చాక్లెట్లు. నవ్వకు. దొంగసొత్తు మూట కట్టినట్టు అత్తమ్మ నిద్రపోయాక కట్టాను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అత్తమ్మ కొంగులోనే ఉంటోంది, కొడుకు చేస్తాడేమోనని. అందుకే ఈ రాత.

క్రిస్మస్‌కు వస్తున్నానని నీ మరిది పెట్టెను కార్గోలో వేశాడు. గల్ఫ్ ఇళ్లలో ఎప్పుడూ అంతే కదా, పెట్టె ముందు, మనిషి వెనక. మనిషి దిగిన రోజు వాడకట్టంతా చాక్లెట్లు పంచాలి. పెట్టె సోమవారం వచ్చింది. మర్నాడే మస్కట్‌లో ఆయన రూంలో ఉండే కరుణాకర్ ఫోన్ చేశాడు. అత్తమ్మ స్నానానికి పోయింది కాబట్టి నేను ఎత్తాను. "వదినా, స్టీఫెనన్న డ్యూటీకని పోయిండు, మళ్ల రూంకు రాలే. ఫోన్ బంద్ ఉన్నది. అవ్వకు చెప్పకు, పరేషాన్ అయితది" అన్నాడు.

అత్తమ్మది అసలే గుండె జబ్బు. ఆయన ఫోన్ ఖరాబైందని ఒక అబద్ధం చెప్పాను. పెట్టెలో దుప్పట్లు, సబ్బులే ఉన్నాయని ఇంకో అబద్ధం. చాక్లెట్లు చూస్తే పండుగకు పంచుదామంటుంది. పంచితే తీసుకున్న ప్రతివాళ్లూ "స్టీఫెన్ ఎప్పుడొచ్చిండు?" అని అడుగుతారు. ఏం చెప్పను?

అసలు భయం ఇంకా రాయలేదు. పక్కింటి లస్మవ్వ కొడుకు లక్ష్మణ్ పెట్టె కూడా పోయిన ఏడు ఇలాగే ముందొచ్చింది. దాని వెనక శవం వచ్చింది. ఆ పెట్టెలో చాక్లెట్లు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. నిన్న లస్మవ్వ గోడ మీంచి మా పెట్టెను చూసి, లోపలికి పోయి తలుపేసుకుంది. ఈ చాక్లెట్లు ఇంట్లో ఉంటే నాకూ ఆమె గతే పడుతుందని భయంగా ఉంది. పిచ్చిదాన్ననుకో. నువ్వు వంట చేసే హాస్టల్ పిల్లలకు పెట్టు, ఏమైనా చెయ్యి. నా కంటికి కనబడకుండా చెయ్యి.

నీ చెల్లె,
నవత

*

బోథ్,
డిసెంబర్ 17

మా నవతకు,

సంచులు అందాయి. ఏడవకు అని రాద్దామనుకున్నాను గానీ, నీ ఉత్తరం చదివి నేనే వంటింట్లో కూర్చుని ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని పనిలో పడ్డాను. బాదం పలుకులున్న వాటిని దంచి, వేయించిన పల్లీలు కలిపి లడ్డూలు కట్టాను. నల్లగా చేదుగా ఉన్నవాటిని ఇక్కడ ఎవరూ ముట్టరు. వేడినీళ్ల గిన్నె మీద కరిగించి, చక్కెర వేసి పాలల్లో కలిపితే పిల్లలు గ్లాసు అడుగు దాకా నాకారు. ఒక పిల్ల "అక్కా, రేపు గూడ పండుగేనా?" అంటోంది. మిగిలినవి చర్చి కేకులోకి పోతాయి. కాగితాలన్నీ పొయ్యిలో వేశాను, ఫికర్ పడకు.

చాక్లెట్లు మాయం చేయడమంటే నాకు చేతనైంది. భయాన్ని ఏం చేయాలో నాకూ తెలియదే. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఫోన్ మోగితే ఎవరిదో చూసి గానీ ఎత్తడం లేదు. మీ అత్తమ్మకు చెప్పు. ఒక్కదానివే మొయ్యకు.

నీ అక్క,
గ్రేస్

*

మెట్‌పల్లి,
డిసెంబర్ 27

అక్కా,

వచ్చాడు. ముందు ఆ మాట చదువుకో.

పండుగ నాడు చర్చికి బయల్దేరుతుంటే గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు. గడ్డం, లోపలికి పోయిన కళ్లు, చేతిలో సంచి కూడా లేదు. నేను గుర్తుపట్టలేదు, అత్తమ్మ గుర్తుపట్టింది. ఆయన అక్కడ ఉండడానికి కావలసిన కార్డును కంపెనీ రెన్యువల్ చేయించలేదట. పోలీసులు దారిలో పట్టుకుని జైల్లో పెట్టి, ఒంటి మీది బట్టలతో విమానం ఎక్కించారు.

నేను ఏడుస్తూ అంతా చెప్పబోతే అత్తమ్మ నా నోరు మూసింది. "ఫోన్ ఖరాబైతే గిన్ని దినాలా బిడ్డా? నాకెరుకే. నేను ఏడిస్తే నువ్వు ఆగమైతవని ఊకున్న" అంది. ఆమెకు దాస్తున్నానని నేననుకుంటే, ఆమె నాకు దాస్తోంది.

వాడకట్టంతా చూడ్డానికి వచ్చింది. పిల్లలు చేతులు చాపి నిలబడ్డారు. ఈయన "చాక్లెట్లు తియ్యి నవతా" అన్నాడు. ఎక్కడ తీయను? అవి బోథ్ పిల్లల కడుపులో ఉన్నాయి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడితే లస్మవ్వ వచ్చింది. ఆమె ఈయన గడ్డం పట్టుకుని ముఖంలోకి చూసింది. ఇంట్లోకి పోయి, ఒక సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మా లక్ష్మణ్ వచ్చినంక పంచుదామని దాచిన. ఎండలకు కరిగి మళ్ల గట్టిపడ్డయ్. జర తెల్లగైనయ్ గని, మంచిగనే ఉంటయ్. పంచు బిడ్డా."

ఒక్కరూ చెయ్యి చాపలేదు. తల్లులు పిల్లలను వెనక్కి లాగారు. వాళ్లను తప్పుపట్టను, మొన్నటి దాకా నాకున్నదీ అదే భయం. సంచి విప్పి మొదటిది నేను తిన్నాను. రెండోది ఈయనకు ఇచ్చాను. అప్పుడు అత్తమ్మ చెయ్యి చాపి "నాకు రొండియ్యి" అంది. ఆ తర్వాత పిల్లలు ఆగలేదు.

లస్మవ్వ మాత్రం ఏడాదిగా వాటిలో ఒక్కటీ తినలేదట. కాగితం విప్పి నేనే ఆమె నోట్లో పెట్టాను. నమిలింది. "తియ్యగనే ఉన్నదే" అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

నీ చెల్లె,
నవత