వైరు పీకి చూడలేదు

2006 జూన్, ఆదివారం

బ్యాటరీ చచ్చిన పాత లాప్‌టాప్‌ని బాగుందని చెప్పి అంటగట్టాడు ఆ వన్ టౌన్ షాపువాడు. "రైల్లో మా నాన్నకి సినిమా చూపించాలండీ" అని మరీ చెప్పాను. "రెండు సినిమాలు ఆడుద్దండీ, పెద్ద స్క్రీనుది తీసుకోండి" అన్నాడు.

నాన్న ముప్ఫై ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరు. రీళ్ళు మార్చడంతోనే సరిపోయేది, కుర్చీలో కూర్చుని ఒక్క సినిమా కూడా మొత్తం చూడలేదు. గుండె ఆపరేషనుకి మద్రాసు వెళ్ళే దారిలోనైనా ఒకటి చూస్తాడనుకున్నా. తెనాలి రాకముందే స్క్రీను నల్లబడిపోయింది. నా మొహం చూసి నాన్నే నవ్వాడు.

"హాల్లో అయితే ఈపాటికి కుర్చీలు విరగ్గొట్టేవాళ్ళురా. పోన్లే, మిగతాది తిరిగొచ్చేటప్పుడు చూద్దాం."

ఆపరేషను బల్ల మీదే పోయాడు. నిన్న పెద్దకర్మ కూడా అయిపోయింది.

నేను మోటార్లు వైండింగ్ చేసేవాణ్ణి. ప్లగ్గు పెట్టగానే తిరిగితే బాగున్నట్టే అనుకునే బుర్ర నాది. షాపులో వాడు ప్లగ్గు పెట్టి చూపించినప్పుడు ఒక్కసారి వైరు పీకి చూడొచ్చుగా? చూడలేదు. కోపం వాడి మీద ఎక్కువో, నా మీద ఎక్కువో...

ఇవాళ ఇంట్లో ప్లగ్గు పెడితే శుభ్రంగా ఆడింది. నాన్న చూడని భాగం రాగానే కట్టేశాను.

నాకు డబ్బులు వెనక్కి అక్కర్లేదు. అది చచ్చిన బ్యాటరీ అని వాడికి ముందే తెలుసా, తెలీదా? రేపు వాడు షట్టరు ఎత్తేసరికి ఎదురుగా ఉంటాను. మధ్యాహ్నం భోజనానికి దించేలోపు నా మొహం చూసి చెప్పాలి.