పాప లేని బస్తా

నవంబర్ 9, ఆదివారం

ఫారం ఓపెన్ అయింది. పుణె కాలేజీ, ఎం.డిజైన్, గ్రాఫిక్. పోర్ట్‌ఫోలియోకి లాస్ట్ డేట్ జనవరి 31. ఆరు ప్రాజెక్టులు కావాలట. నా దగ్గర ఐదున్నాయి. ఐదూ చెత్తే.

పోయినేడు ఈ ఫారం గురించి అక్కకే మొదట చెప్పాను. పోవే, ఈడుండి ఏం జేస్తవ్ అంది. అక్క పోయి మూడు నెలలు. డెంగ్యూ, నాలుగు రోజులు. నాకు ఇప్పటిదాకా ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు, నేను వాళ్ళ వీపులు నిమిరాను.

పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ నింపాను. సేవ్ కొట్టాను. పడుకున్నాను.

నవంబర్ 18, మంగళవారం

ట్రాన్స్‌క్రిప్ట్ కోసం సూర్యాపేట వెళ్ళాను. బీటెక్ చదివిన నాలుగేళ్ళూ ఆ ఆఫీసు కిటికీ దగ్గర ఒకటే మాట: రేపు రా. ఇవాళ కూడా అదే అన్నారు. ఇక్కడినుంచి కదిలేది లేదని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఒంటిగంటకు ఇచ్చారు.

ఆకలేసి బస్టాండ్ ఎదురుగా టిఫిన్ సెంటర్‌లోకి వెళ్ళాను. చేతులు కడుక్కునే చోట నేల తడి కాకుండా ఖాళీ బియ్యం బస్తా పరిచారు. మాదే. మనీషా గోల్డ్, అక్క పేరే. పసుపు గౌను, రెండు జడలు, చేతిలో వరి కంకి, గుండ్రంలో అక్క. ఆరేళ్ళప్పటి ఫొటో. మిర్యాలగూడ మిల్లుల్లో పద్ధతే అంత, బస్తా మీద దేవుడన్నా ఉండాలి, ఓనరు పిల్లలన్నా ఉండాలి. మా నాన్న మిల్లు పెట్టిన ఏడాది అక్కకి ఆరేళ్ళు, అంతే. పంతొమ్మిదేళ్ళుగా ఆమెకు ఆరేళ్ళే.

అక్క మొహం మీద చెప్పుల బురద. సాంబారో ఏదో కూడా పడ్డట్టుంది.

పక్కనుంచి తిరిగి వెళ్ళొచ్చు. వెనక ఒకాయన జర జరుగమ్మా అంటున్నాడు. దాని మీదే కాలు పెట్టి చేయి కడుక్కున్నాను. ఏమీ అనిపించలేదు. అదే రాస్తున్నాను, ఏమీ అనిపించలేదు.

నవంబర్ 19

ఆరో ప్రాజెక్టు దొరికింది.

డిసెంబర్ 3, బుధవారం

బస్తా రీడిజైన్. మిల్లు బస్తాల డిజైన్ నాలుగేళ్ళుగా నా కంప్యూటర్లోనే ఉంది, కిలోలు మార్చడం, ఫోన్ నంబర్ మార్చడం అన్నీ నేనే. కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని లేదు. పదకొండు రంగులు రెండయ్యాయి. నెమళ్ళు పోయాయి. సూర్యుడు పోయాడు. 100% ప్యూర్ అని నాలుగు చోట్ల ఉంది, మూడు పోయాయి.

మిగిలింది అక్క.

ఆ లేయర్‌కి ఎప్పుడో నేనే పాప అని పేరు పెట్టాను. పక్కన కన్ను గుర్తు ఉంటుంది. నొక్కితే బొమ్మ పోతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది. చాలాసేపు అదే పని చేశాను. చివరికి పోయినప్పుడు ఆపాను.

ఖాళీ గుండ్రంలో వరి కంకి పెట్టి చూశాను, గింజ పెట్టి చూశాను. ఏది పెట్టినా అక్క కుర్చీలో ఎవరో వచ్చి కూర్చున్నట్టే ఉంది. అట్లాగే వదిలేశాను. కింద మనీషా గోల్డ్ అని పేరు మాత్రం ఉంది. ఆ ఖాళీకి నోట్‌లో నెగెటివ్ స్పేస్ అని రాశాను. డిజైన్ వాళ్ళకు పేరొకటి ఉంటే చాలు.

డిసెంబర్ 21

హైదరాబాద్‌లో ఎంట్రన్స్ రాశాను. గొడుగు లేకుండా గొడుగు గీయమన్నారు. గీశాను.

జనవరి 12, సోమవారం

ఎంట్రన్స్ పాసయ్యాను. అమ్మ మంచిగైంది బిడ్డా అంది. నాన్న తల ఊపాడు. ఎంత దూరం, హాస్టల్ ఉంటదా అని మాత్రం అడిగాడు.

పోర్ట్‌ఫోలియోలో వస్తువును నిజంగా తయారుచేసి ఫొటో పెడితే మార్కులెక్కువట. కోదాడలో వీరేందరన్న ఉన్నాడు, మా బస్తాలన్నీ ఆయనే ప్రింట్ చేయించి పంపుతాడు. వాట్సాప్‌లో ఫైలు పంపి నాలుగు శాంపిళ్ళు కావాలన్నాను. నాన్నకు తెల్వొద్దు అన్నా అన్నాను. నేనెందుకు చెప్తానమ్మా, పిల్లల చదువుల సంగతి నాకు తెలీదా అన్నాడు. మంచోడు.

జనవరి 22, గురువారం

 

పొద్దున పదింటికి కోదాడ నుంచి డీసీఎం వ్యాను వచ్చింది. ఐదువేల బస్తాలు. కట్టలు విప్పితే అన్నిటి మీదా నా ఖాళీ గుండ్రం.

వీరేందరన్నకు ఫోన్ చేశాను. అదేంటమ్మా, నువ్వు పంపిన ఫైలేగా, లాస్టుది అన్నాడు. మొన్న నాన్న ఫోన్ చేసి మామూలు ఆర్డరే, జల్ది పంపు అన్నాడట. ఈయన నేను పంపిన మెసేజుల్లో అన్నిటికంటే కింద ఉన్న ఫైలు తీసి ప్రింటింగ్‌కిచ్చాడు. తప్పు పట్టడానికేమీ లేదు, మా పద్ధతే అంత. ఏ ఫైలు చివర పంపితే అది ఫైనల్. మరి నా శాంపిళ్ళో అంటే, అవి కూడా ఇందులోనే ఉన్నయిగా తల్లీ అన్నాడు.

నేను ఆఫీసు గదిలోంచి బయటికొచ్చేసరికి నాన్న ఒక బస్తా చేతిలో పట్టుకుని ఉన్నాడు. తిప్పి వెనక చూశాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు. వెనకేమన్నా ఉందేమో అనుకున్నాడు పాపం. గుండ్రం మీద బొటనవేలు పెట్టి గట్టిగా రుద్దాడు, అచ్చు సరిగ్గా పడలేదనుకున్నట్టు.

ఎవలు జేసిన్రు అని అడిగాడు. నేనే అన్నాను. కాలేజీకి అన్నాను. అక్కను తీసేసి కాలేజీకి పంపుతున్నావా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. అడిగితే బాగుండేది, ఏదో ఒకటి అనేదాన్ని.

హమాలీ మేస్త్రీ సైదులు కుట్టు మిషన్ పట్టుకుని నిలబడ్డాడు. లారీ స్టార్టింగ్‌లో ఉంది, నడిగూడెం, హుజూర్‌నగర్ లోడు. ఎట్ల జేయమంటరు సార్, పాత సంచులు ఒక్కటి లేదు అన్నాడు. 

నింపుండ్రి అన్నాడు నాన్న. బియ్యానికేం దెల్సు అన్నాడు.

బస్తా నాకిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

జనవరి 23

నాన్న అన్నం తిన్నాడు. పెరుగు వేసుకున్నాడు. నాతో మాట్లాడలేదు. మామూలుగా కూడా పెద్దగా మాట్లాడడు కాబట్టి కోపమో కాదో తెలియదు.

జనవరి 24, శనివారం

తొమ్మిదింటికి మొదటి ఫోన్. నడిగూడెంలో కిరాణా కొట్టు జానయ్య. ఎప్పుడూ చూడలేదు ఆయన్ను, ఫోన్ బేరమే. స్పీకర్ ఆన్‌లో ఉంది. గిదేంది సేటూ, డూప్లికేట్ మాల్ పంపినవా అని లేచాడు. పాప బొమ్మ లేదు, ఊర్లె ఎవ్వలు కొంటలేరు, గిది నకిలీదంటున్రు అని ఒకటే గోల. పాప ఏది, ముందుగాల గది చెప్పు అన్నాడు.

నాన్న పెన్ను టేబుల్ మీద పెట్టాడు. మూత పెట్టాడు దానికి.

పాప లేదు జానన్నా అన్నాడు. ఆగస్టుల సచ్చిపోయింది.

ఐదు నెలల్లో నాన్న నోట ఆ మాట వినడం ఇదే. దినం కార్డు మీద కూడా ఆయన రాయించలేదు, బాబాయి రాయించాడు. దవాఖానలో డాక్టరు చెప్పినప్పుడు సరే అన్నాడు, అంతే.

అవతల జానయ్య అయ్యో అనలేదు.  నా బిడ్డ ఆ బొమ్మ సూసుకుంటనే పెద్దగైంది సేటూ అన్నాడు. మాల్ మంచిదే గదా అన్నాడు. మంచిదే అన్నాడు నాన్న. అయితే నేను జెప్పుకుంట తీయ్ అని పెట్టేశాడు.

సాయంత్రందాకా ఫోన్లు. హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, అందరిదీ ఒకటే ప్రశ్న. అందరికీ నాన్న అదే జవాబు. మొదట్లో ఆగి ఆగి చెప్పాడు. పొద్దుగూకేసరికి రేటు చెప్పినట్టు చెబుతున్నాడు. నేను టీ పెట్టి ఇస్తూ ఉన్నాను. నేను పెట్టిన బొమ్మ కాదు, తీసేసిన బొమ్మ నాన్నతో ఆ మాట అనిపించింది. మంచిదో చెడ్డదో నాకు తెలియట్లేదు. నాకు నా మీద కోపంగా ఉంది, అదొక్కటి తెలుస్తోంది.

జనవరి 25

ఆగస్టు నుంచి వంటింట్లో బియ్యం బస్తాను అమ్మ గోడవైపు తిప్పి పెడుతోంది. ఇవాళ కొత్త బస్తా వచ్చింది. తిప్పలేదు.

జనవరి 30, శుక్రవారం

సబ్మిట్ చేశాను. ప్రోటోటైప్‌లు, అంటే తయారుచేసిన నమూనాలు, ఎన్ని అని ఒక గడి ఉంది. 5000 అని రాశాను.

మార్చి 15, ఆదివారం

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. మిల్లు ఆఫీసులో కూర్చున్నాను, అక్కడైతే నెట్ వస్తుంది. ముగ్గురున్నారు. మిగతా ఐదు ప్రాజెక్టులు అరనిమిషంలో దాటేశారు. బస్తా దగ్గర ఆగారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టమన్నారు.

నెరిసిన జుట్టు మేడమ్ ఒకావిడ, పాతదే బాగుంది అంది. నిజం చెప్పాలంటే నాకూ అంతే అనిపించింది. ఆ పిల్లను ఎందుకు తీశావు అంది. క్లట్టర్, హైరార్కీ, బ్రాండ్ రిఫ్రెష్ అని బట్టీ పట్టినవన్నీ అప్పజెప్పాను. ఆవిడ వినలేదు. ఎవరా పిల్ల అంది. మిల్లు ఓనరు కూతురు అన్నాను. అబద్ధం కాదు.

ఇప్పుడేం చేస్తోంది అని అడిగింది.

చనిపోయింది అన్నాను. మా అక్క అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. మిగతా ఇద్దరూ రాసుకోవడం ఆపారు. ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది, ఈ మాటకు సీటు వస్తుందని. అక్క చచ్చిపోయిన మాట అమ్ముకుని బయటపడుతున్నానని. ఛీ అనుకున్నాను. అనుకుంటూనే ఐ యామ్ ఫైన్ మేమ్ అని నవ్వాను కూడా.

ఏప్రిల్ 17

వచ్చింది. సీటు.

ఏప్రిల్ 26, ఆదివారం

నాన్న ఆఫీసులోకి పిలిచాడు. యాసంగి వడ్లు దిగుతున్నాయి, కొత్త బస్తాలు ఆర్డరియ్యాలి అన్నాడు. గుండ్రం బోసిగ కొడ్తుంది, అందరు అడుగుతున్రు అన్నాడు. కాసేపు కిటికీలోంచి లారీలు చూశాడు. నీ బొమ్మ పెడ్దామా అన్నాడు.

ఐదో క్లాసులో ఇదే అడిగి రెండు రోజులు అన్నం మానేశాను. మిల్లుకు ఒక్క పాప చాలు అన్నాడప్పుడు. అక్క ఆ రెండు రోజులూ నన్ను ఉడికించింది, నువ్వు నూకల బస్తా మీద ఉండవే అని.

నన్ను కోప్పడతాడేమో, డబ్బులు దండగ చదువంటాడేమో అని ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నాను. అవేవీ కాదు, ఇది అడిగాడు. నన్ను పుణె పోనిస్తూ ఇది అడుగుతున్నాడు. 

నా బొమ్మ వద్దు నాన్నా అన్నాను. నేనే వస్త పోత ఉంట.

నాన్న తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

జూలై 5

రేపు రైలు. కింది నుంచి అమ్మ మనీషా, చార్జర్ పెట్టుకున్నవా అని కేకేసింది. ఆగస్టు నుంచి ఆమె నోట అక్క పేరు వినలేదు.

పెట్టుకున్న అన్నాను.